కట్టిన గోడ గురించి రాయండి, కరిగిన గోడ గురించీ రాయండి

(శ్రీకాకుళంలో ఒక ఆదివారం ఉదయం తాపీ మేస్త్రులు, పాలిటెక్నిక్ విద్యార్థులు, ఇల్లు కట్టుకోబోయే కొందరు కలిసి కూర్చున్నప్పుడు కట్టుబడి పని గురించి వికీల్లో రాయడం మీద ఒక మహిళా ఇంజనీరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. ముందు ఒక చిన్న పని చేసి అప్పుడు మాట్లాడతాను. ఇదిగో ఈ సీసా చూడండి. మామూలు లీటరు నీళ్ళ సీసా. పొద్దున్న వస్తూ వస్తూ ఆమదాలవలస దారిలో ఒక చెరువు గట్టు పక్కన మూడడుగుల లోతు నుంచి మట్టి తీసి, ఇందులో మూడో వంతు పోశాను. మిగతావి నీళ్ళు, చిటికెడు ఉప్పు. మూత బిగించి ఇలా గట్టిగా ఊపుతున్నాను. ఇంకొంచెం. చాలు. ఇక్కడ బల్ల మీద పెట్టేశాను. దీన్ని ఎవరూ కదపొద్దు. బాబూ, ముందు వరస చివర్న ఉన్నావు కదా, నువ్వే. ఒక స్కెచ్ పెన్ను పట్టుకుని నిమిషం ఆగు. అడుక్కి దిగినంత వరకు ఒక గీత పెట్టు. మళ్ళీ అరగంటకి ఇంకో గీత. సరేనా? ఇది ఎందుకో తర్వాత చెప్తాను.

ఇందాక టీ తాగుతుంటే ఒక మేస్త్రి గారు నన్ను అడిగారు. పెద్దాయన, ఇక్కడే ఉన్నారు. "అమ్మా, రాయడానికి మమ్మల్నెందుకు పిలిసినారు? మాకు తాపీ పట్టుకోడం వొచ్చు గానీ ఈ కంప్యూటర్లో రాయడం మాకేటి తెలుస్తాదీ?" అన్నారు. బాబాయ్, నేను ఈ రోజు మాట్లాడేదంతా మీ ఒక్క ప్రశ్నకే జవాబు. మీకు తెలిసినదే రాయాలి. కుర్రాళ్ళకి టైపు చేయడం వచ్చు, ఏం రాయాలో తెలీదు. మీకు ఏం రాయాలో తెలుసు, టైపు చేయడం రాదు. అందుకే ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టాం.

వికీ అన్న మాట విన్నారు కదా. వికీపీడియా అందరికీ తెలుసు, పిల్లలు హోంవర్కుకి అదే చూస్తారు. అసలు ఈ వికీ ఎలా పుట్టింది? 1995లో అమెరికాలో వార్డ్ కన్నింగ్‌హామ్ అనే ప్రోగ్రామరు మొదటి వికీ పెట్టాడు. హవాయి భాషలో వికీ అంటే తొందరగా అని. హొనొలులు విమానాశ్రయంలో వికీ వికీ అని ఒక బస్సు తిరుగుతుంది, ఆ పేరు పెట్టుకున్నాడు. ఎవరైనా వచ్చి చదవొచ్చు, అక్కడికక్కడే దిద్దొచ్చు. ఇంతవరకు చాలామందికి తెలుసు. నాకు ఇష్టమైన సంగతి ఇంకొకటి ఉంది. ఆయన ఆ వికీ ఎందుకు పెట్టాడు? ప్రోగ్రాములు రాసేవాళ్ళు పదేపదే ఎదుర్కొనే చిక్కులేమిటి, వాటిని విప్పిన తీరులేమిటి అని ఒక చోట పోగు చేయడానికి. ఆ ఆలోచన వాళ్ళకి ఎక్కణ్ణించి వచ్చింది? క్రిస్టఫర్ అలెగ్జాండర్ అనే ఆర్కిటెక్టు దగ్గర్నించి. అంటే ఇళ్ళు కట్టే విద్యలోంచి! చూరు ఎందుకు, అరుగు ఎందుకు, కిటికీ ఏ పక్కన ఉండాలి, ఇలాంటివన్నీ ఒక్కొక్కటిగా విడదీసి రాస్తే ఎవరింటిని వాళ్ళే ఆలోచించుకోగలరు అని ఆయన నమ్మాడు. అంచేత మేస్త్రులకి వికీ పరాయిది అనుకోకండి. మీ పనిలోంచే అది పుట్టింది.

మరి మన దగ్గర రాసే అలవాటు లేదా? ఎందుకు లేదు! గిడుగు రామమూర్తి గారిది ఏ ఊరు? ఆ, గట్టిగా చెప్పండి. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేట. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం, అది ఆయన పుట్టినరోజే. వాడుక భాష కోసం పోరాడారని అందరం చెప్పుకుంటాం. కానీ అంతకుముందే ఆయన పర్లాకిమిడిలో ఉండగా సవరలనే గిరిజనుల దగ్గర సవర భాష నేర్చుకున్నారు. అప్పటికి దానికి లిపి లేదు. మాట్లాడేవాళ్ళ నోట్లోంచి ఒక్కొక్క మాటా విని, రాసుకుని, నిఘంటువు చేశారు, వ్యాకరణం రాశారు. ఆ ఓపిక గురించి ఒక్కసారి ఆలోచించండి.

ఇంకో సంగతి. శాలిహుండం బౌద్ధ స్తూపాలు చూశారు కదా, వంశధార ఒడ్డున కొండ మీద. 1919లో వాటిని మొదట గుర్తించి లోకానికి చెప్పింది కూడా గిడుగు వారే. ఆ ఇటుకలు ఇవాళ్టికీ ఉన్నాయి. రెండువేల ఏళ్ళ నాటి ఇటుకలు! నేను ఎప్పుడు వెళ్ళినా వాటి మీద చెయ్యి పెట్టి నిలబడిపోతాను. ఆ మట్టి ఏ రేవు నుంచి తెచ్చారు? అందులో ఏం కలిపారు? ఎన్నాళ్ళు ఆరబెట్టారు? ఏ కట్టెతో కాల్చారు? ఆ మేస్త్రికి తెలుసు. ఆయన కొడుక్కీ తెలిసుంటుంది. మనకి మిగిలింది ఇటుక ఒక్కటే. నాకు అదే దిగులు. మన కళ్ళ ముందు ఉన్న మేస్త్రుల సంగతీ అలాగే అవుతుందేమోనని.

గార, అంటే సున్నం ముద్ద, గానుగ పట్టిన మేస్త్రులు ఈ గదిలో ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. ఒకటి... రెండు. ఇద్దరు. ఇరవై ఏళ్ళ కిందట ఇదే ప్రశ్న అడిగి ఉంటే సగం చేతులు లేచేవి. సున్నం ఎన్నాళ్ళు నానబెట్టాలి, కరక్కాయ నీళ్ళు ఎప్పుడు పొయ్యాలి, బెల్లం ఎంత, ముద్ద అయిందని చేత్తో ఎలా తెలుసుకోవాలి, ఇవి ఇద్దరికే తెలుసు. ఈ ఇద్దరి దగ్గరా ఇవాళ మధ్యాహ్నం కుర్రాళ్ళు కూర్చోవాలి. వేరే పనేదైనా ఉంటే రేపు చూసుకోండి.

మాటలు కూడా పోతున్నాయి. నిట్రాట అంటే ఏమిటమ్మా? వెనక కూర్చున్న పిల్లలు, మీరే. తెలీదా? ఇంటి మధ్యలో దూలాన్ని మోసే గుంజ. దూలం, వాసం, చూరు, నిట్రాట, ఇవి మా తాతగారి ఇంట్లో రోజూ వినబడే మాటలు. తెలుగు విక్షనరీ అని ఒకటుంది, నిఘంటువు వికీ. ఒక మాట, దాని అర్థం, మన ఊళ్ళో దాన్ని ఎలా అంటారు, ఒక ఫొటో. పది నిమిషాల పని. ఇంగ్లీషు రాకపోయినా ఫర్వాలేదు, వ్యాసం రాయడం రాకపోయినా ఫర్వాలేదు. మొదలుపెట్టడానికి అంతకన్నా తేలిక చోటు లేదు.

బాబూ, గీత పెట్టావా? ఎంత వచ్చింది? అడుగు నుంచి మూడు వేళ్ళు. మంచిది. నిమిషంలో దిగింది ఇసక. దాని మీద ఇప్పుడు మెల్లగా దిగుతున్నది ఒండ్రు, సన్న పొడి. పైన నీళ్ళు ఇంకా కాఫీలా ఉన్నాయి చూడండి, అందులో ఉన్నది బంకమట్టి. అది తేరుకోవడానికి ఒక రోజు పడుతుంది.

ఇప్పుడు చెప్తాను ఈ సీసా ఎందుకో. మట్టి ఇల్లు గురించి ఎవరు రాసినా "మంచి మట్టి తీసుకోవాలి" అని రాస్తారు. మంచి మట్టి అంటే ఏది? మేస్త్రి గారు పిడికిట్లో నొక్కి, ముద్ద చేసి, నడుం ఎత్తు నుంచి వదిలి చెప్పేస్తారు. ఆయన చేతికి తెలుసు. కానీ చదివేవాడు కడపలోనో కెన్యాలోనో ఉంటాడు. వాడి చేతికి ఎలా తెలియాలి? అందుకే అంకె కావాలి. సిమెంటు కలిపి ప్రెస్సులో నొక్కే మట్టి దిమ్మలకి పుదుచ్చేరి దగ్గర మట్టి కట్టుబడి నేర్పే ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు చెప్పే లెక్క ఇది: కంకర 15 శాతం, ఇసక 50, ఒండ్రు 15, బంకమట్టి 20. అటూ ఇటూ కొంచెం ఉండొచ్చు. సిమెంటు 5 శాతం. అంటే 50 కేజీల బస్తా ఒకటి, 950 కేజీల పొడి మట్టి. ఇలా రాస్తే ఎవడైనా సీసా ఊపి తన మట్టిని పోల్చుకోగలడు.

గమేళా లెక్కలు రాయొద్దని నేను అనను. "పది గమేళాల మట్టికి ఒక గమేళా ఇసక" అని మేస్త్రి చెప్తే అలాగే రాయండి, అది ఆయన మాట. కానీ పక్కనే ఆ గమేళా నింపి కాటా మీద పెట్టి, ఎన్ని కేజీలో అదీ రాయండి. తడిదా, పొడిదా అదీ రాయండి. ఊరికీ ఊరికీ గమేళా మారిపోతుంది, కేజీ మారదు కదా.

ఇప్పుడు నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. చెప్పడం నాకు కొంచెం కష్టంగానే ఉంటుంది, అయినా దీని కోసమే వచ్చాను.

పొందూరు పక్కన మా మావయ్య గారి ఊళ్ళో ఇంటి వెనకాల రెండు గదులు కట్టించాను. కాల్చిన ఇటుక వద్దు, నొక్కిన మట్టి దిమ్మలు పెడదాం అనుకున్నాను. ప్రెస్సు అద్దెకి తెచ్చాం. మట్టి పెరట్లోదే. పునాది రాతిది. పీఠం, అంటే నేల నుంచి మట్టి గోడ మొదలయ్యే దాకా ఉండే కట్టు, దాని ఎత్తు అరడుగు పెట్టాను, అదే చాలనుకున్నాను. చూరు అడుగు దాటలేదు. దిమ్మలు ఎన్నాళ్ళు తడపాలి? 28 రోజులు. మాకు తొమ్మిది రోజులు కుదిరింది. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు. మా ఇంట్లో ఆ రెండూ ఒకే నెలలో వచ్చిపడ్డాయి, ఆడపడుచు పెళ్ళి. చుట్టాలొచ్చేలోపు గోడ లేవాలి. లేపేశాం.

అందంగా వచ్చింది. నిజంగా అందంగా వచ్చింది. ఎర్రటి గోడ, వరసలు తీర్చినట్టు. నేను ఫొటోలు తీశాను, బిల్లులు లెక్క వేశాను, అప్రోపీడియా అని ఒక వికీ ఉంది, అందులో ఇంగ్లీషులో పేజీ పెట్టాను. ఇలా కట్టాం, ఇంత ఖర్చయింది, వేసవిలో లోపల చల్లగా ఉంది అని.

వానాకాలం వచ్చింది. వెనక పక్క గోడకి నేల మీద పడిన చినుకు చింది కొట్టేది. ఒక రోజు మా అత్తగారు ఫోన్ చేసి "అడుగున గోడ మెత్తబడుతోందమ్మా, వేలు పెడితే దిగిపోతోంది" అన్నారు. వెళ్ళి చూశాను. అడుగున మూడు వరసలు నానిన అటుకుల్లా ఉన్నాయి. గోకితే చేతికి వచ్చేస్తున్నాయి. అప్పుడు ఏం చేశాం? ఆ మూడు వరసలూ కొంచెం కొంచెంగా తీసి రాయి పెట్టించాం. చూరు రెండున్నర అడుగులకి పెంచాం. నీళ్ళు పోవడానికి చుట్టూ కాలవ తీశాం. ఇల్లు నిలబడింది. ఇప్పటికీ ఉంది.

తప్పు అక్కడ జరగలేదు. గోడ కరగడం తప్పు కాదు, నేర్చుకున్నాం. తప్పు ఏమిటంటే, నేను వికీలో ఒక్క అక్షరం మార్చలేదు. ఏడాది పాటు ఆ పేజీ అలాగే ఉంది, అందమైన ఫొటోలతో. తర్వాత ఒక రోజు చర్చ పేజీలో, అంటే ఆ పేజీ గురించి మాట్లాడుకోడానికి పక్కనే ఉండే పేజీలో, ఒక ప్రశ్న కనబడింది. ఒడిశాలో గంజాం జిల్లా నుంచి ఎవరో రాశారు. మీ పేజీ చూసి మేమూ అరడుగు పీఠం మీద కట్టాం, మా గోడ అడుగున పెచ్చులు ఊడుతోంది, మీది ఎలా ఉంది అని.

మీది ఎలా ఉంది? ఆ మూడు మాటలు చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాకు తెలుసు. ఏడాదిగా తెలుసు. ఆ ఒక్క ముక్క రాసి ఉంటే వాళ్ళ డబ్బు, వాళ్ళ శ్రమ మిగిలేవి. మర్నాడు పొద్దున్నే పేజీలో "తర్వాత ఏమైంది" అని ఒక భాగం చేర్చాను. పీఠం కనీసం అడుగున్నర, చూరు రెండున్నర అడుగులు, తడపడం 28 రోజులకి ఒక్క రోజు తగ్గినా దిమ్మ పెట్టొద్దు. కరిగిన గోడ ఫొటో కూడా పెట్టాను. ఆ పేజీలో అన్నిటికన్నా పనికొచ్చే ఫొటో అదే.

అప్రోపీడియా సంగతి రెండు మాటలు. 2006లో మొదలైంది. తక్కువ ఖర్చులో, ఉన్న వనరులతో చేసే పనుల కోసమే ఉన్న వికీ. ఇల్లు, నీళ్ళు, పొయ్యి, సౌరశక్తి అన్నీ ఉంటాయి. కాలిఫోర్నియాలో హంబోల్ట్ విశ్వవిద్యాలయం విద్యార్థులు తాము చేసిన ప్రాజెక్టుల్ని చదువులో భాగంగానే అందులో రాస్తారు. తర్వాత బ్యాచ్‌ల వాళ్ళు వెళ్ళి చూసి, అది ఇంకా పనిచేస్తోందా, పాడైందా, ఎవరైనా తీసి పారేశారా అని కింద చేరుస్తారు. పాలిటెక్నిక్ పిల్లలూ, దీన్ని మీరు పట్టుకోవాలి. మీ సీనియర్లు చేసిన మోడలు ఇవాళ ఎక్కడుంది? స్టోర్‌రూమ్‌లో. రిపోర్టు ఎక్కడుంది? బైండింగు చేయించి బీరువాలో పెట్టారు. ఎవరు చదివారు?

ఏది ఎక్కడ రాయాలన్నది తెలియక చాలామంది మొదటి రోజే మనసు విరుచుకుంటారు, అందుకని చెప్తున్నాను. వికీపీడియా విజ్ఞాన సర్వస్వం. తెలుగు వికీపీడియా 2003లో మొదలైంది. అక్కడ "మా పెరట్లో నేను గోడ కట్టాను" అని రాస్తే తీసేస్తారు. తీసేసినవాళ్ళ మీద కోపం పెట్టుకోకండి. ఇంతకుముందే ఎక్కడో అచ్చయిన విషయానికే అక్కడ చోటు, మూలం చూపించాలి. లారీ బేకర్ గురించి రాయండి, సున్నం గురించి రాయండి, శాలిహుండం వ్యాసం పెంచండి, అన్నిటికీ పుస్తకాలున్నాయి. మీ సొంత గోడ, మీ సొంత కొలత అప్రోపీడియా లాంటి చోట రాయండి, అక్కడ సొంత అనుభవమే కావాలి. ఫొటోలు వికీమీడియా కామన్స్‌లో పెడితే అన్ని వికీల్లోనూ వాడుకోవచ్చు. మీరు తీసిన ఫొటో అయితేనే. పుస్తకంలో బొమ్మని ఫోన్‌తో ఫొటో తీసి ఎక్కించడం దొంగతనం కిందే లెక్క. ఒకసారి ఎక్కించాక మీ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. అది తెలిసే ఎక్కించండి. ఇంకొకరి ఇల్లయితే ఇంటివాళ్ళని అడగండి. ఇంటి నంబరు, వాళ్ళ పేర్లు, పిల్లల ముఖాలు అక్కర్లేదు. మనకి కావాల్సింది గోడ.

లారీ బేకర్ పేరు వచ్చింది కాబట్టి. ఇంగ్లండులో పుట్టి కేరళలో ఉండిపోయిన ఆర్కిటెక్టు, 2007లో పోయారు. ఎలుకబోను కట్టుబడి అని ఆయన బాగా వ్యాప్తిలోకి తెచ్చారు. ఇటుకని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలి కడతారు. తొమ్మిదంగుళాల గోడే, కానీ సుమారు నాలుగు ఇటుకల్లో ఒకటి మిగులుతుంది. ఆ ఖాళీలో గాలి ఉండడం వల్ల లోపల వేడి తక్కువ. మన జిల్లాలో ఇది ఎవరైనా కట్టారా? కట్టారా బాబాయ్? చూశారా, నరసన్నపేటలో రెండిళ్ళు కట్టానంటున్నారు. ఎవరికి తెలుసు? ఇప్పుడు మనకి తెలిసింది. లోపల కరెంటు పైపు ఎలా వేశారు, మూల దగ్గర ఏం చేశారు, ఇటుక బట్టీ నుంచి వంకరగా వస్తే ఏం చేశారు, నాకు ఇవన్నీ కావాలి.

ఇప్పుడు చుట్టిల్లు. దీని దగ్గర కొంచెంసేపు ఆగుతాను, ఎందుకంటే ఇది మనది. సముద్రం ఒడ్డున పల్లెల్లో గుండ్రటి మట్టిగోడ, దాని మీద శంఖంలా తాటాకు కప్పు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి ఎలా నేలకి పడుకున్నాయో ఈ గదిలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ తర్వాత నెలలో నేను ఆ పక్కకి వెళ్ళాను. రేకుల కప్పులు ఎక్కడెక్కడో పడున్నాయి. ఒక పల్లెలో ఒక చుట్టిల్లు నిలబడి ఉంది. కప్పు ఒక పక్క చెదిరింది, అంతే. గడపలో ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. "ఇది ఎలా ఆగింది మామ్మా?" అన్నాను. "మూలుంటే కదేటి తల్లీ గాలి పట్టుకోడానికి? సుట్టూ తిరిగి ఎల్లిపోద్ది" అంది. అంతకన్నా బాగా ఏ ప్రొఫెసరూ చెప్పలేడు. నేను వంగి లోపలికి వెళ్ళాను. చూరు నా నడుం దాకా ఉంది. వాన గోడని తాకనే తాకదు. నా గోడ ఎందుకు కరిగిందో నాకు అక్కడ, ఆ చూరు కింద వంగినప్పుడు పూర్తిగా అర్థమైంది.

అన్ని చుట్టిళ్ళూ ఆగాయని నేను చెప్పడం లేదు. ఆగనివీ ఉంటాయి. అందుకే కొలవాలి. గోడ అడుగున మందం ఎంత, పైన ఎంత? చుట్టుకొలత ఎంత? కప్పు వాలు ఎంత? చూరు నేలకి ఎంత ఎత్తు? తాటాకు ఎన్నేళ్ళకొకసారి మారుస్తారు, ఒకసారి మార్చడానికి ఎన్ని కమ్మలు, ఎంతమంది, ఎన్ని రోజులు? ఎలా కట్టు కడతారు? వాసాల్ని పైన కట్టే ఆ ముడిని వీడియో తీయండి, దయచేసి తీయండి. ఆ ముడి మాటల్లో రాయడం నా వల్ల కాలేదు. కూలిన చుట్టిల్లు కనబడితే ఇంకా శ్రద్ధగా చూడండి. ఏది ముందు పోయింది? కప్పా, గోడా?

అరగంట అయిందా? రెండో గీత పెట్టు బాబూ.

ఇంకొక్క విషయం. మీరు రాసినదాన్ని ఎవరో వచ్చి మారుస్తారు. మొదటిసారి గుండె కలుక్కుమంటుంది. నేను 5 శాతం సిమెంటు అని రాస్తే ఒకరు 8 అని దిద్దారు. నాకు ఒళ్ళు మండింది, వెంటనే వెనక్కి తిప్పాను. ఆయన మళ్ళీ మార్చారు. చివరికి చర్చ పేజీలో అడిగాను, ఎందుకు 8 అని. ఆయన ఊళ్ళో మట్టిలో బంక ఎక్కువ, 5తో నిలవలేదు. అంటే ఇద్దరిదీ నిజమే. ఇప్పుడు ఆ పేజీలో రెండూ ఉన్నాయి, ఏ మట్టికి ఏది అని. చరిత్ర అని పైన ఒక మీట ఉంటుంది, ఏ రోజు ఎవరు ఏం మార్చారో అంతా అందులో ఉంటుంది, ఏదీ పోదు. అంచేత దిద్దడానికి భయపడకండి, దిద్దించుకోడానికీ భయపడకండి. తెలుగు వికీపీడియాలో సందేహాలు అడగడానికి రచ్చబండ అని పేరు పెట్టారు, కొత్తవాళ్ళు రాసి చూసుకోడానికి ప్రయోగశాల ఉంది. వెళ్ళి కూర్చోండి, అడగండి.

మన భాషలోనే రాయండి. అప్రోపీడియాలో ఎక్కువ పేజీలు ఇంగ్లీషువే, అక్కడ పెట్టేటప్పుడు ఇంగ్లీషు చేద్దాం, దానికి సాయం చేస్తాం. కానీ ముందు మేస్త్రి గారు చెప్పింది చెప్పినట్టు తెలుగులో రాసుకోండి. "మట్టి తొక్కి ఓ రేత్రి ఊరనివ్వాల" అని ఆయన అంటే, ఊరనివ్వడం అన్న మాట తీసేసి ఇంకో పుస్తకం మాట పెట్టకండి. ఆ మాటలోనే పని ఉంది.

సరే, భోజనాల తర్వాత గార తెలిసిన ఇద్దరు మేస్త్రుల దగ్గర నలుగురేసి కూర్చోండి. ఒకరు అడగండి, ఒకరు రాయండి, ఒకరు ఫోన్లో రికార్డు చేయండి, ఇంకొకరు ఊరికే వినండి, మిగతావాళ్ళు వదిలేసింది వాళ్ళకి వినబడుతుంది. నరసన్నపేట ఇళ్ళకి వచ్చే ఆదివారం వెళ్దాం, బాబాయ్ దారి చూపిస్తానన్నారు. ఇంటివాళ్ళని ముందు ఆయనే అడుగుతారు.

ఈ సీసా ఇక్కడే ఉంటుంది. నీళ్ళు ఇంకా తేరలేదు, చూడండి. రేపు పదిన్నరకి ఎవరైనా వచ్చి మూడో గీత పెట్టి, మూడు కొలతలూ సెంటీమీటర్లలో రాసి నాకు పంపండి. మట్టి ఎక్కడిదో నేను చెప్పాను కదా, ఆమదాలవలస దారి, చెరువు గట్టు, మూడడుగుల లోతు. అది కూడా రాయండి.